రోగి ఒక లెక్కలో, నల్లా ఇంకో లెక్కలో

సంపాదకుల వారికి,

వానాకాలం మొదలైందంటే మీ సిటీ పేజీల్లో ఒక వార్త తప్పకుండా కనిపిస్తుంది. ఫలానా బస్తీలో కలుషిత నీరు తాగి ఇంతమందికి వాంతులు, విరేచనాలు అని. మర్నాడు ఆ బస్తీకి ట్యాంకర్ వస్తుంది, మెడికల్ క్యాంపు పెడతారు, క్లోరిన్ బిళ్లలు పంచుతారు, నాయకులు వచ్చిపోతారు. ఇలాంటి వార్త విలేకరి కంటే ముందు తెలుసుకోవాల్సిన వ్యవస్థ ఒకటి దేశంలో 2004 నుంచి ఉంది. అది మన హైదరాబాద్‌లో ఎక్కడ జారిపోతోందో, ఎలా సరిచేయవచ్చో పాఠకుల ముందు పెట్టాలని ఈ ఉత్తరం.

దాని పేరు సమగ్ర వ్యాధి నిఘా కార్యక్రమం, ఐడీఎస్‌పీ. ఢిల్లీలోని జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం దీన్ని నడుపుతుంది. రాష్ట్రానికి ఒకటి, జిల్లాకు ఒకటి నిఘా విభాగాలు ఉంటాయి. సమాచారం మూడు దారుల్లో వస్తుంది. ఏఎన్‌ఎం ఇంటింటికీ తిరిగి లక్షణాలను బట్టి నింపేది ఎస్ ఫారం. డాక్టరు పరీక్షించి ఫలానా జబ్బు కావచ్చని రాసేది పీ ఫారం. ల్యాబ్ తేల్చి చెప్పేది ఎల్ ఫారం. ఒకప్పుడు ఇవి వారానికోసారి కాగితాల మీద వెళ్లేవి. 2021 ఏప్రిల్ నుంచి దేశమంతటా ఐహెచ్‌ఐపీ అనే ఆన్‌లైన్ వేదిక మీదికి మారాయి. ఇప్పుడు రోగి వారీగా, ఏ రోజుకారోజు నమోదు చేయవచ్చు. నీళ్ల విరేచనాలు, కలరా, టైఫాయిడ్, పచ్చకామెర్లు, లెప్టోస్పైరోసిస్ (ఎలుక జ్వరం) అన్నీ ఆ జాబితాలో ఉన్నాయి.

ఎప్పుడు అప్రమత్తం కావాలో కూడా రాసే ఉంది. వెయ్యి మంది ఉన్న ప్రాంతంలో పది ఇళ్లకు మించి విరేచనాల కేసులు కనిపించినా, ఐదేళ్లు దాటిన ఒక్క మనిషికి విరేచనాలతో ఒంట్లో నీరు ఇంకిపోయి పరిస్థితి విషమించినా, కలరా ఒక్కటి తేలినా, జిల్లా బృందం కదలాలి. పసిపిల్లలకు విరేచనాలు మామూలుగానే వస్తుంటాయి. పెద్దవాళ్లు ఆ స్థాయిలో కుప్పకూలడం మామూలు కాదు, అందుకే ఆ ఐదేళ్ల గీత. నియమాల్లో లోపం పెద్దగా లేదు. ఆ పది ఇళ్లు ఒకే చోటివని తెరమీద కనబడకపోవడమే అసలు చిక్కు.

ఎందుకు కనబడవో చూద్దాం. బస్తీలో విరేచనాలు పట్టుకున్నవాళ్లు మొదట వెళ్లేది మెడికల్ షాపుకు. రెండు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, విరేచనాలు ఆగే బిళ్ల, ఒక యాంటీబయాటిక్ తెచ్చుకుంటారు. తగ్గకపోతే గల్లీలోని ఆర్‌ఎంపీ. ఇంకా తగ్గకపోతే చిన్న ప్రైవేటు నర్సింగ్ హోంలో సెలైన్. ఈ మూడు మెట్లలో ఏదీ ఐహెచ్‌ఐపీలోకి రాదు, వచ్చినా అరకొరగానే. కాళ్లు పీక్కుపోయి, మూత్రం ఆగిపోయాక మూడో రోజో నాలుగో రోజో నల్లకుంట కోరంటి దవాఖానాకు (ఫీవర్ ఆస్పత్రికి), గాంధీకి, ఉస్మానియాకు చేరినప్పుడు ఒక కేసు నమోదవుతుంది. అప్పటికి ఆ లైన్‌లో నీళ్లు రెండు మూడు విడతలు వచ్చి పోయి ఉంటాయి.

నమోదైన కేసు అడ్రసు ఇంకో తమాషా. రద్దీ ఓపీలో చీటీ మీద ‘హైదరాబాద్’ అని రాసి వదిలేస్తారు. లేదంటే ఆధార్ కార్డు చూసి ఎక్కిస్తారు. మేస్త్రీ పనికి వచ్చిన మనిషి ఆధార్‌లో మహబూబ్‌నగర్ జిల్లా ఊరు ఉంటుంది, ఒడిశా కూలీ కార్డులో ఇంకో రాష్ట్రమే ఉంటుంది. వాళ్లు నీళ్లు తాగింది మాత్రం ఇక్కడి నల్లాలో. ఇక అడ్రసు గడి ఖాళీగా ఉంటే ఆస్పత్రి ఉన్న పేటే రోగి పేట అయిపోతుంది. ఆ లెక్కన చూస్తే నగరంలో అన్నిటికంటే జబ్బుపడ్డ ప్రాంతం నల్లకుంట! దీనికితోడు హైదరాబాద్, రంగారెడ్డి, మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాల సరిహద్దు రోడ్డుకు అటూ ఇటూ మారిపోతుంది. ఒకే పైపు నీళ్లు తాగిన వీధిలో ఆరు ఇళ్లవాళ్లు ఒక జిల్లా ఖాతాలో, ఐదు ఇళ్లవాళ్లు ఇంకో జిల్లా ఖాతాలో పడతారు. కలిపితే పది ఇళ్లు దాటతాయి, విడిగా ఎవరికీ దాటవు.

దీనికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. చీటీ రాసేచోట మూడు ప్రశ్నలు అడిగితే చాలు. ఇప్పుడు ఉంటున్నది ఏ గల్లీ, దగ్గర్లో గుర్తు ఏమిటి? తాగేది నల్లా నీళ్లా, బోరా, ట్యాంకరా, వాటర్ క్యానా? నల్లా అయితే మీ గల్లీకి నీళ్లు ఏ రోజు, ఎన్ని గంటలకు వస్తాయి? మూడో ప్రశ్న విడ్డూరంగా అనిపించవచ్చు గానీ అన్నిటికంటే పనికొచ్చేది అదే. మన దగ్గర చాలా చోట్ల నీళ్లు రోజు విడిచి రోజు, ఒక్కో ప్రాంతానికి ఒక్కో వేళకు వదులుతారు. లైన్‌మన్ వాల్వులు వరసగా తిప్పుకుంటూ పోతాడు. కాబట్టి ‘సోమవారం, బుధవారం పొద్దున ఐదింటికి’ అని రోగి చెబితే అది ఏ వాల్వు కింది ప్రాంతమో నగరానికి నీళ్లిచ్చే జలమండలి మేనేజరు అక్కడికక్కడే చెప్పగలడు. నల్లా బిల్లు మీది క్యాన్ (వినియోగదారు ఖాతా) నంబరు కిరాయిదారుకు తెలియకపోవచ్చు. నీళ్లొచ్చే టైము మాత్రం తెలియనివాళ్లు ఉండరు.

ఆ వంతుల నీటి సరఫరాయే కాలుష్యానికీ మూలం. పైపులో నీళ్లు పారుతున్నంతసేపూ ఒత్తిడి లోపలి నుంచి బయటికి ఉంటుంది, చిల్లు ఉంటే నీళ్లు బయటికి కారతాయి. సరఫరా ఆగగానే ఆ ఒత్తిడి పోతుంది. పక్కనే మోరీ గానీ పొంగే మ్యాన్‌హోల్ గానీ ఉంటే అదే చిల్లులోంచి మురుగు లోపలికి దిగుతుంది. సరఫరా వేళ ఎవరో నల్లాకు నేరుగా మోటారు బిగిస్తే ఆ గుంజుడుకు మురుగు ఇంకా వేగంగా వస్తుంది. ఇలా చేరిన మురుగంతా తర్వాతి విడతలో మొదటి పది పదిహేను నిమిషాల నీళ్లతో ఇళ్లలోకి పోతుంది. 2009 మే నెలలో భోలక్‌పూర్‌లో కలుషిత నీరు పలువురి ప్రాణాలు తీసినప్పుడు నగరమంతా దీని గురించే మాట్లాడుకుంది. పాత పైపులు కొన్ని మారాయి. వంతుల సరఫరా మాత్రం అలాగే ఉంది.

ఇక నీటి శాంపిల్ సంగతి. ఫిర్యాదు రాగానే ముందు లైన్ కడిగేస్తారు, రిజర్వాయర్ దగ్గర క్లోరిన్ డోసు పెంచుతారు, ఆ తర్వాత శాంపిల్ తీస్తారు. రెండు రోజులకు ‘నీరు ప్రమాణాలకు అనుగుణంగానే ఉంది’ అని ప్రకటన వస్తుంది. అది అబద్ధమేమీ కాదు, కడిగిన తర్వాతి నీళ్లు శుభ్రంగానే ఉంటాయి. కానీ జబ్బు చేసింది అంతకుముందు నీళ్లు. లైన్ కడగడం ఒక గంట ఆలస్యమైనా శాంపిల్ ముందు తీయాలి, ఆ గంటసేపూ నల్లా నీళ్లు తాగొద్దని మైకులో చెప్పాలి. లైన్ ఇప్పటికే కడిగేసి ఉంటే రోగి ఇంట్లో బిందెలో, డ్రమ్ములో మిగిలిన నీళ్లే సాక్ష్యం. అది ఇంటి గిన్నెలోని మురికి కావచ్చన్న వాదన వస్తుంది కాబట్టి, వేరువేరు ఇళ్ల నుంచి నాలుగైదు శాంపిళ్లు తీసుకోవాలి.

మామూలు తనిఖీల్లో నల్లాను రెండు మూడు నిమిషాలు వదిలి, ఆపై సీసా పట్టాలని చెబుతారు. రోజూ ఇరవై నాలుగు గంటలూ నీళ్లొచ్చే ఊరికి అది సరిపోతుంది. మన ఊళ్లో మొదటి నీళ్లది ఒకటి, పావుగంట తర్వాత ఒకటి, రెండు సీసాలు పట్టాలి. సీసా స్టెరిలైజ్ చేసింది కావాలి, అందులో ముందే కాస్త సోడియం థయోసల్ఫేట్ వేసి ఉండాలి. అది లేకపోతే నీళ్లలోని క్లోరిన్ దారిపొడవునా క్రిములను చంపుతూనే పోయి, ల్యాబ్‌కు చేరేసరికి మురుగు నీరు కూడా మంచినీరుగా తేలుతుంది. సీసాను అంచుదాకా నింపకూడదు, కలపడానికి కాస్త ఖాళీ కావాలి. ఐసు పెట్టెలో పెట్టి ఆరు గంటల్లో ల్యాబ్‌కు చేర్చాలి. మండుటెండలో బైకు సంచీలో సాయంత్రం దాకా తిరిగిన సీసా ఫలితానికి విలువ లేదు, ఏ వైపు తేలినా సరే.

క్లోరిన్ పరీక్ష ల్యాబ్‌కు పంపేది కాదు, నల్లా దగ్గరే చూడాలి. తాగునీటి భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం మిగులు క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు, వైరస్‌ల ముప్పు ఉన్నప్పుడు 0.5 ఉండాలి. మలం కలిసిందని చెప్పే బ్యాక్టీరియా ఇ-కొలై 100 మిల్లీలీటర్లలో అసలు కనిపించకూడదు. సిబ్బంది దగ్గర ఎక్కువగా ఉండేది ఆర్థోటాలిడిన్ చుక్కల కిట్. చుక్కలు వేయగానే వచ్చే పసుపు రంగు ఫ్రీ క్లోరిన్‌ది, అంటే ఇంకా దేనితోనూ కలవని క్లోరిన్‌ది. కాసేపు ఆగాక ముదిరే పసుపు, అమ్మోనియాతో కలిసిపోయి బలం తగ్గిన క్లోరిన్‌ది. మురుగు కలిసిన నీళ్లలో జరిగేది సరిగ్గా అదే. ఫ్రీ క్లోరిన్ సున్నా అయిపోతుంది, రెండు నిమిషాలు ఆగి చూస్తే మాత్రం ట్యూబు పసుపుగా కనిపిస్తుంది. ‘క్లోరిన్ ఉంది’ అని రాసుకుని వెళ్లిపోతారు. అందుకే పది సెకన్లలోపే రంగు చూసి రాయాలి. గులాబీ రంగు వచ్చే డీపీడీ కిట్ అయితే ఈ తికమక తక్కువ. కొలత రిజర్వాయర్ దగ్గర కాదు, లైన్ చివరి ఇంట్లో తీయాలి.

అపార్ట్‌మెంట్లు, హాస్టళ్ల లెక్క వేరు. అక్కడ సంపు పక్కనే మ్యాన్‌హోల్ ఉంటే జలమండలి లైన్ శుభ్రంగా ఉన్నా జబ్బు వస్తుంది. మీటరు దగ్గర, సంపులో, పైట్యాంకు నల్లాలో మూడు చోట్లా చూస్తే తప్పు ఎక్కడుందో తేలిపోతుంది. హాస్టల్ అనగానే ‘ఫుడ్ పాయిజన్’ అని రాసేయడం ఇంకో అలవాటు. ఒకే భోజనం తిన్నవాళ్లు నాలుగైదు గంటల్లో మూకుమ్మడిగా, ముఖ్యంగా వాంతులతో పడిపోతే అనుమానం తిండి మీద. రోజుకు కొందరు చొప్పున మూడు నాలుగు రోజులు పడుతూ, వేరే వంట తిన్న వార్డెన్ ఇంటివాళ్లకూ వాచ్‌మన్ పిల్లలకూ వస్తే నీళ్ల వైపు చూడాలి. రోగుల పేర్ల పక్కన జబ్బు మొదలైన రోజు, గంట రాసి ఒక గ్రాఫు గీస్తే సగం జవాబు అందులోనే ఉంటుంది. ఆస్పత్రిలో చేరిన తేదీ ఎవరైనా రాస్తారు, జబ్బు మొదలైన తేదీయే చాలా రికార్డుల్లో ఉండదు.

ల్యాబ్ దగ్గర జరిగే నష్టం మరీ బాధాకరం. క్యాంపు పెట్టగానే అందరికీ యాంటీబయాటిక్ మింగించి, ఆపై మలం శాంపిల్ తీస్తే కలరా క్రిమి ఎక్కడ దొరుకుతుంది? కొత్తగా జబ్బుపడ్డ, ఇంకా మందు పడని ఐదు నుంచి పది మంది దగ్గర రెక్టల్ స్వాబ్ (మలద్వారం నుంచి దూదిపుల్లతో నమూనా) తీసి, దారిలో క్రిమిని బతికించి ఉంచే కేరీ-బ్లెయర్ మాధ్యమంలో ఉంచితే చాలు, రెండు వందల మందివీ అక్కర్లేదు. దీన్ని ఫ్రిజ్‌లో కుక్కనక్కర్లేదు, గది ఉష్ణోగ్రతలో కలరా క్రిమి నిలుస్తుంది. నీటి సీసాకు ఐసు కావాలి, ఈ ట్యూబుకు వద్దు. హడావుడిలో రెండూ తారుమారు కావడం మామూలే. కలరా క్రిమిని పెంచే టీసీబీఎస్ ప్లేటు మీద ఒక రోజులో పసుపు పచ్చని కాలనీలు కనిపిస్తాయి, ఆపై సీరం పరీక్షతో కలరా విజృంభణ తెచ్చే ఓ1 రకమా కాదా తేలుతుంది. ఈ వరస తప్పినందుకే ఎన్నో కలరా కేసులు మన లెక్కల్లో ‘జీఈ’ (గ్యాస్ట్రోఎంటరైటిస్)గా, ‘అతిసారం’గా మిగిలిపోతాయి.

టైఫాయిడ్‌ది దీనికి తలకిందులు. అక్కడ లెక్క తగ్గదు, ఉబ్బుతుంది. జ్వరం వచ్చిన మూడో రోజే, రక్తంలో యాంటీబాడీలను చూసే విడాల్ పరీక్ష చేసి, ఒక్క అంకె చూసి టైఫాయిడ్ అనేస్తారు. పాత ఇన్‌ఫెక్షన్ వల్లో, వేరే జ్వరాల వల్లో కూడా విడాల్ పాజిటివ్ రావచ్చు. నమ్మదగినది రక్తంలోని క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూసే బ్లడ్ కల్చర్, అదీ మొదటి వారంలో, యాంటీబయాటిక్ పడకముందు, పెద్దవాళ్లకు ఎనిమిది నుంచి పది మిల్లీలీటర్ల రక్తంతో. అంత చేసినా సగం కేసులే పట్టుబడతాయి. అయినా ఒక ప్రాంతం నుంచి కల్చర్‌లో మూడు తేలడానికి ఉన్న విలువ మూడు వందల విడాల్ చీటీలకు లేదు. విడాల్ కేసులనూ కల్చర్ కేసులనూ ఒకే గడిలో కలిపి రాసినంత కాలం ఆ టైఫాయిడ్ గ్రాఫు ఎందుకూ కొరగాదు.

పచ్చకామెర్ల విషయంలో వెనక్కి చూడటం రావాలి. కలరా గంటల నుంచి ఐదు రోజుల్లో బయటపడుతుంది, కాబట్టి నిన్నటి నీళ్లను అనుమానిస్తాం. హెపటైటిస్ ‘ఎ’కు సుమారు నాలుగు వారాలు, ‘ఇ’కి ఐదారు వారాలు పడుతుంది. ఇవాళ పది మంది కళ్లు పచ్చబడితే తప్పు జరిగింది నెల కిందట. 1955-56లో ఢిల్లీలో జరిగింది అదే. యమున వరదకు నజఫ్‌గఢ్ నాలా మురుగు ఎదురు తిరిగి వజీరాబాద్‌లో నీళ్లు తోడే చోటికి చేరింది. ఇంజినీర్లు గమనించి పటిక, క్లోరిన్ పెంచారు, దాంతో కలరా, టైఫాయిడ్ విజృంభించలేదు. కొన్ని వారాలకు మాత్రం దాదాపు 29 వేల మందికి కామెర్లు వచ్చాయి. బ్యాక్టీరియా చచ్చినా వైరస్ చావలేదు. ఇ-కొలై లేదన్న రిపోర్టు ఒక్కటే చూసి ధీమా పడకూడదనడానికి ఇంతకంటే సాక్ష్యం వద్దు. పైగా ‘ఇ’ రకం కామెర్లు నెలలు నిండుతున్న గర్భిణులకు ప్రాణాంతకం. కాబట్టి ఒక పేటలో గర్భిణి ఒక్కరికి కామెర్లు వచ్చినా నెలన్నర వెనక్కి వెళ్లి ఆ లైన్ ఫిర్యాదులు తిరగేయాలి.

ఆ ఫిర్యాదులు ఎక్కడున్నాయంటే, జలమండలి 155313 కాల్‌సెంటర్‌లో. నీళ్లు వాసన వస్తున్నాయని, రంగు మారాయని జనం ఫోన్ చేసేది జబ్బు పడకముందే. నగరంలో మనకు దొరికే మొట్టమొదటి హెచ్చరిక అదే. కానీ ఆ ఫిర్యాదు లైన్ రిపేరుతో ముగుస్తుంది, జిల్లా నిఘా అధికారి తెర మీదికి రాదు. అలాగే దవాఖానాలోని రోగి వివరం జలమండలి మేనేజరుకు చేరదు. ఒక వాల్వు ప్రాంతం నుంచి ఒకే విడత నీళ్ల మీద మూడు వాసన ఫిర్యాదులు వస్తే ఆ పేట బస్తీ దవాఖానాకూ ఆశా కార్యకర్తకూ మెసేజ్ వెళ్లాలి, మర్నాటి నుంచి వారం పాటు వాళ్లు విరేచనాల కోసం ప్రత్యేకంగా వాకబు చేయాలి. అటునుంచి, ఒకే టైము నల్లా చెప్పిన రోగులు ముగ్గురు కాగానే జలమండలికి కబురు అందాలి. పది ఇళ్ల గీత దాటేదాకా ఆగాల్సిన పనిలేదు. పేటలోని నాలుగైదు మెడికల్ షాపులు రోజుకు ఎన్ని ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు అమ్మాయో వాట్సాప్‌లో పెడితే ఇంకా మేలు. వేసవి ఎండకూ ఓఆర్‌ఎస్ అమ్ముడుపోతుంది కాబట్టి అమ్మకాన్ని ఆ పక్క పేటతో పోల్చి చూడాలి.

మురుగును పరీక్షించి జబ్బును ముందే పసిగట్టడం ఈ నగరానికి కొత్త కాదు. 2016లో ఇక్కడి మురుగునీటి శాంపిల్‌లోనే టీకా నుంచి పుట్టిన పోలియో వైరస్ బయటపడి లక్షల మంది పిల్లలకు ప్రత్యేకంగా టీకా వేశారు. 2020లో ఇక్కడి జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు మురుగుశుద్ధి కేంద్రాల నమూనాలతో కొవిడ్ వ్యాప్తిని అంచనా కట్టారు. అదే నేర్పు టైఫాయిడ్, హెపటైటిస్ ‘ఇ’ల వైపు తిప్పడానికి మనుషులూ ల్యాబులూ ఇక్కడే ఉన్నారు. వంతుల సరఫరా పుణ్యమా అని డ్రమ్ముల్లో నిలవ పెట్టుకునే నీళ్లలో పెరిగే డెంగీ దోమనూ ఇదే పేటల లెక్కలో చూడవచ్చు. నల్గొండ ఫ్లోరైడ్ లాంటివి ఈ నిఘాకు అందవు, వాటి సంగతి వేరే ఉత్తరానికి.

ఇంత చెప్పాక దాచకూడని మాట ఒకటుంది. కేసులు ఎక్కువ నమోదు చేసిన వార్డుకు మెమో వస్తుంది. ఏమీ రాయని వార్డు ప్రశాంతంగా ఉంటుంది. కలరా అనే పేరు వినగానే పైనుంచి ఫోన్లు మొదలవుతాయి. ఇలాంటప్పుడు కింది ఉద్యోగి ఏం నేర్చుకుంటాడో చెప్పక్కర్లేదు. నమోదు పెరిగిన మొదటి ఏడాది అంకెలు పెరుగుతాయి. అది జబ్బు పెరగడం కాదని అధికారులూ పత్రికలూ ముందే ఒప్పుకోవాలి. అసలు చూడాల్సింది, ఎన్ని ఆస్పత్రులు నివేదిక పంపాల్సి ఉండగా ఎన్ని పంపాయన్నది. కేసులు లేవని ‘సున్నా’ రాయడం ఒకటి, ఏమీ పంపకపోవడం ఇంకొకటి. తెరమీద రెండూ ఒకేలా కనిపించకూడదు.

క్లోరిన్ బిళ్లల గురించి కూడా రెండు మాటలు. ఇరవై లీటర్లకు వాడాల్సిన బిళ్లను చెంబు నీళ్లలో వేసి, వాసనకు తాగలేక పారబోస్తున్నారు. వేసిన వెంటనే తాగేస్తున్నారు. మురికిగా ఉన్న నీళ్లలో వేస్తే క్లోరిన్ ఆ మురికికే సరిపోతుంది. బట్టతో వడకట్టి, బిళ్ల వేసి, కలిపి, మూతపెట్టి అరగంట ఆగాలని పంచేవాళ్లు చేసి చూపించాలి.

మీ పత్రిక వానాకాలమంతా ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్, నాగార్జునసాగర్ నీటిమట్టాలు వేస్తుంది. ఆ పక్కనే వారానికోసారి ఇంకో చిన్న పట్టిక వేయండి. పేట పేరు, ఆ వారం విరేచనాల కేసులు, కామెర్ల కేసులు, కల్చర్‌లో తేలిన టైఫాయిడ్, నీటి వాసన ఫిర్యాదులు, లైన్ చివర కొలిచిన క్లోరిన్, నివేదిక పంపిన ఆస్పత్రులు ఎన్నింటికి ఎన్ని. అంకెలు ఇవ్వమని జిల్లా వైద్యాధికారులనూ జలమండలినీ సమాచార హక్కు కింద అడగవచ్చు. రోగుల పేర్లు అక్కర్లేదు, వేయకూడదు కూడా. అంకె రాని గడిలో సున్నా వేయకండి, ‘ఇవ్వలేదు’ అని అచ్చు వేయండి.

ఇట్లు,
ప్రజారోగ్యం, నీటి పరీక్షల రంగాల్లో పనిచేస్తున్న కొందరం,
హైదరాబాద్